గంటల గోపురంలో బిట్టరు పీపా

ఎనిడ్ సగ్డెన్ గురించి చెప్పమంటే మా ఊరు రష్‌బీలో ఎవరైనా కస్టర్డ్‌తోనే మొదలుపెడతారు. మా బళ్ళో మధ్యాహ్నం భోజనాలు ఏళ్ళ తరబడి వండింది ఆవిడే. ఊళ్ళో సగంమంది ఆ కస్టర్డ్ తిని ఎముకలు గట్టిచేసుకున్నవాళ్ళమే. అందులో గరిటె నిలబెడితే అలాగే నిలబడి ఉండేది, అంత చిక్కన. అందరం ఆవిణ్ణి ఎనిడ్ ఆంటీ అంటాం. నాకు మాత్రం ఆవిడ పేరు వినగానే వేరే బొమ్మ కళ్ళకు కడుతుంది. చర్చి పాటబృందం వాళ్ళ పాత అంగీలు కప్పిన ఒక ప్లాస్టిక్ బకెట్టు, దాని ముందు మోకాళ్ళ మీద కూచుని, మూతకి చెవి ఆనించి, లోపలి బుడబుడ వింటూ పసిపిల్లలా నవ్వుతున్న ముఖం. అప్పటికి ఆవిడకి అరవై దగ్గరపడుతున్నాయి.

ఆవిడ గంటల దగ్గరికి వచ్చింది యుద్ధం పుణ్యమా అని. యుద్ధం మొదలయ్యాక దేశంలో చర్చి గంటలన్నీ ఆపేయించారు. శత్రువు మన గడ్డ మీద దిగితేనే హెచ్చరికగా మోగించాలన్నారు. శత్రువు దిగలేదు. కొన్నేళ్ళకి సరే మోగించుకోండన్నారు గానీ, మోగించే మగవాళ్ళంతా సైన్యంలో ఉన్నారు. చేసేది లేక పాదిరిగారు ఆడపిల్లల్ని గోపురం ఎక్కమన్నాడు. పదిహేడేళ్ళ ఎనిడ్ తాడు పట్టుకుంది. మగవాళ్ళు తిరిగొచ్చాక, ఇక చాలమ్మాయ్, ఇంటికెళ్ళి అల్లికలు చేసుకో అన్నారట. ఆవిడ తాడు వదల్లేదు. వదలకపోగా కొన్నాళ్ళకి ఆ గోపురానికి నాయకురాలైంది. అల్లికలు చేసుకోమన్న పెద్దమనుషులే వరసగా నిలబడి ఎప్పుడు లాగాలో చెప్పే ఆవిడ కేక కోసం ఎదురుచూశారు.

మా గంటలు తీగ లాగితే టింగుమనే రకం కావు. పెద్దగంట ఎద్దంత బరువుంటుంది. తాడు లాగితే గంట గిర్రున నిండు చుట్టు తిరిగి తలకిందులుగా నిలబడుతుంది. మళ్ళీ లాగితే అటునుంచి ఇటు. ఆరు గంటలు, ఆరు తాళ్ళు, ఆరుగురు మనుషులు. ఎవరి తరవాత ఎవరు లాగాలన్నది చుట్టు చుట్టుకీ మారిపోతుంటుంది. ఒంటికీ బుర్రకీ కలిపి చెమట పడుతుంది. అందుకే మంగళవారం ప్రాక్టీసు అవగానే మెలికల మెట్లన్నీ దిగి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఫ్లీస్ అనే పబ్బులో పడేవాళ్ళం. అక్కడ బిట్టరు అనే బీరు తాగేవాళ్ళం. రాగిరంగు, కాస్త చేదు, పెద్దగా గ్యాసు ఉండదు, నేలమాళిగ ఎంత చల్లగా ఉంటే అదీ అంతే చల్లగా ఉంటుంది. గంటలు కొట్టడం ఎంతవరకు దేవుడి కోసం, ఎంతవరకు ఆ గ్లాసు కోసం అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. మంచిదైంది.

ఆంటీకి అరవై దగ్గరపడుతున్న ఏడు ఎండాకాలంలో ఫ్లీస్ మూతపడింది. యజమాని ముసలాయన మోకాళ్ళు పనిచెయ్యక కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. కొనేవాడు దొరకలేదు. కిటికీలకి చెక్కలు కొట్టారు.

మొదటి మంగళవారం ప్రాక్టీసయ్యాక ఆరుగురం చర్చి గేటు దగ్గర నిలబడి ఆ చెక్కల వంక చూశాం. నేను అప్పుడే లీడ్స్‌లో కాలేజీ చదువు మొహం మొత్తి మధ్యలో వదిలేసి వచ్చి ఊళ్ళో పాలబండి తోలుతున్నాను. మూడో గంట నాది. ఎనిడ్ ఆంటీది చిన్నగంట, అందరికంటే ముందు మోగేది. పెద్దగంట క్లిఫర్డ్ గ్రీన్‌వుడ్‌ది. మాంసం కొట్టు క్లిఫర్డ్ అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. సగం ఎద్దుని భుజాన వేసుకుని నడిచే మనిషి. అయిదో గంట వాళ్ళ చెల్లెలు డోరీన్‌ది. ఆవిడ క్లిఫర్డ్ కారులోనే వస్తుంది, క్లిఫర్డ్ కారులోనే పోతుంది. మిగతా ఇద్దరు మా ఊరి పాత పోస్టుమాను, బళ్ళో పంతులమ్మ.

క్లిఫర్డ్ చాలాసేపు చెక్కల్ని చూసి, కొండ అవతల థార్ప్‌వుడ్ చర్చిలో పెద్దగంటకి మనిషి లేడని, వాళ్ళ చర్చి పక్కనే పబ్బు నిక్షేపంలా నడుస్తోందని నేలని చూస్తూ చెప్పాడు. క్లిఫర్డ్ పోతే డోరీన్ పోతుంది. ఇద్దరూ పోతే నాలుగు గంటలు మిగులుతాయి. నాలుగు గంటల మోత వింటే, ముందు పళ్ళు రెండు ఊడినవాడు పాట పాడినట్టు ఉంటుంది. అది వినలేక మిగతావాళ్ళం కూడా మానేస్తాం. ఎనిడ్ ఆంటీకి అది క్షణంలో అర్థమైంది. ముఖం తెల్లబోయింది.

"ఎనిడ్, నీ మీద కోపం కాదు," అన్నాడు క్లిఫర్డ్. "దాహం."

"కోతల పండగ దాకా ఆగు," అంది ఆంటీ. "ఆలోపు గంటలు కొట్టి తాళ్ళు కట్టేశాక నీ చేతిలో మంచి బిట్టరు పెట్టకపోతే, నేనే నిన్ను థార్ప్‌వుడ్‌లో దింపి వస్తాను."

ఆవిడకి కారు నడపడం రాదు. అయినా ఎవరూ నవ్వలేదు.

ఆ శనివారం ఆవిడ బస్సెక్కి హాలిఫాక్స్ వెళ్ళి మందుల షాపులోంచి బీరు కిట్టు తెచ్చింది. అప్పట్లో మా దగ్గర దగ్గుమందు, దంతాల పొడి, ఇంట్లో బీరు కాచుకునే కిట్టు పక్కపక్క అరల్లోనే ఉండేవి. అదో పెద్ద డబ్బా. లోపల తారులాంటి బార్లీ మాల్టు పాకం, హాప్స్ పూల చేదు ముందే కలిపి ఉంటుంది. మూత కింద చిన్న పొట్లంలో పులియబెట్టే ఈస్టు. దీనికి తోడు ఒక బకెట్టు, గొట్టం, కుళాయి ఉన్న ప్లాస్టిక్ పీపా, అన్నీ కడగడానికి ముక్కు మండే పొడి.

ఇక ఎక్కడ కాచాలి అన్నది ప్రశ్న. ఆంటీ ఇంట్లో కుదరదు. ఆవిడ భర్త విల్ఫ్రెడ్ సగ్డెన్ చాపెల్ మనిషి. మా ఊళ్ళో చర్చి వేరు, చాపెల్ వేరు, రెండూ క్రైస్తవులవే గానీ శాఖలు వేరు. చర్చిలో గంటలు, గంటల తరవాత బీరు. చాపెల్‌లో పాటలు, పాటల తరవాత టీ. ఎనిమిదేళ్ళ వయసులో జీవితంలో మద్యం తాగనని చాపెల్‌లో కార్డు మీద సంతకం పెట్టిన మనిషి విల్ఫ్రెడ్. ఆ మాట అప్పటిదాకా తప్పలేదు. పైగా అక్కడ పెద్ద. చర్చి మనిషికీ చాపెల్ మనిషికీ పెళ్ళేమిటని అప్పట్లో రెండు వైపులా గొడవపడ్డారట. ప్రతి మంగళవారం ఆయన కారులో ఆంటీని దింపి, గోపురం కింద కూచుని పుదీనా బిళ్ళలు చప్పరిస్తూ పేపరు చదివేవాడు. పెళ్ళైనప్పట్నుంచి ఒక్కసారి కూడా మెట్లెక్కలేదు.

కాబట్టి గోపురంలోనే కాచాలని ఆంటీ తేల్చేసింది. గోడలు మందం, చల్లగా ఉంటుంది, తాళ్ళు కట్టేసి వెనక్కి తిరిగితే పీపా కుళాయి చేతికందుతుంది. పాదిరిగారిని అడిగితే, ప్రార్థన జరుగుతుండగా బీరు పై నుంచి కారనంతవరకు తనకేం అభ్యంతరం లేదన్నాడు.

ఆ రోజు చూడాలి మా హడావుడి. చర్చి హాల్లో టీ నీళ్ళు కాచే పాత్రలో నీళ్ళు మరిగించాం. పాకం డబ్బాని వేడినీళ్ళలో నిలబెట్టి కరిగించాం. మెలికల మెట్ల మీద మెట్టుకొకళ్ళం నిలబడి బళ్ళోంచి తెచ్చిన పాలజగ్గులు చేతులు మార్చుకుంటూ పైకి చేరవేశాం. పాత పోస్టుమాను పై మెట్టు మీద నిలబడి ఒక్కో జగ్గు అందుకున్నప్పుడల్లా ఎవరి ఇంటికి ఉత్తరమో చెప్పేవాడు. ఆ మెట్లలో గొంతు ఎలా తిరుగుతుందంటే, కింద ఒకళ్ళు నవ్వితే పైదాకా అందరం నవ్వి నీళ్ళు ఒలకబోసుకున్నాం. ఆంటీ బకెట్టు ముందు తెల్లటి వంటటోపీ పెట్టుకుని, కస్టర్డ్ కలిపే చెక్క తెడ్డుతో పాకమూ పంచదారా తిప్పుతోంది. గోపురమంతా కాల్చిన రొట్టె వాసన. నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక పసిబిడ్డకి పాలు చూసినట్టు మోచేత్తో చూసి, ఈస్టు చల్లింది. అంగీలు కప్పింది.

మర్నాటికి బకెట్టు నిండా నురగ. బళ్ళో వంట మధ్యలో వచ్చి, టోపీ కూడా తియ్యకుండా మెట్లెక్కి, చెవి పెట్టి విని వెళ్ళేది ఆంటీ. "మాట్లాడుతోంది రా కీత్," అని నాతో అంది ఒకసారి, నేను పాలసీసాలు దించుతుంటే. ఆ ముఖం చూస్తే ఎవరికైనా పట్టలేనంత నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ఆ వారమంతా నేను పాలబండి మీద పాటలు పాడుకుంటూ తిరిగాను. కుక్కలు వెంటపడ్డాయి.

బుడబుడలు ఆగాక గొట్టం పెట్టి పీపాలోకి మార్చాం. గొట్టంలోంచి బీరు రావాలంటే ఒకళ్ళు పీల్చాలి. ముందు పోస్టుమాను పీల్చాడు, పీల్చి ఇంకా రాలేదన్నాడు. ఇంకోసారి పీల్చి, ఇంకా రాలేదన్నాడు. మూడోసారి ఆంటీ గొట్టం లాక్కుంది. కాస్త పంచదార వేసి పీపా మూత బిగించి, తాళ్ళ గదిలో కిటికీ కింద ఉన్న పాత పెట్టె మీద పెట్టాం. ఇక తేరుకోవాలి. ఈస్టు మడ్డి మెల్లగా అడుగుకి దిగితే పైన బీరు తేటగా మిగులుతుంది. ఈలోగా మేం మామూలుగానే మంగళవారం ప్రాక్టీసు చేశాం, ఆదివారం ప్రార్థనకి మోగించాం, ఒకటో రెండో పెళ్ళిళ్ళకి మోగించాం.

డబ్బా మీద చెప్పిన గడువు అయ్యాక కుళాయి తిప్పాం. క్లిఫర్డ్ గ్లాసు కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. మా దగ్గర బిట్టరుని ముందు కళ్ళతో తాగుతారు, తరవాతే నోటితో. గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనపడాలి. క్లిఫర్డ్ వేలు లావైనదే. అయినా కనపడలేదు.

"ఇది బఠాణీల సూపు," అన్నాడు.

తాగి చూశాం. ఈస్టు వాసన. రెండో రోజు కడుపులు కూడా మాట్లాడాయి. డోరీన్ మూతి ముడుచుకుంది. మొత్తం పారబోశాం.

ఆంటీ వెనక్కి తగ్గలేదు. మళ్ళీ హాలిఫాక్స్ బస్సు, మళ్ళీ కిట్టు. పంచదార ఎక్కువైందని ఒకళ్ళం, పొడి పోయేలా సరిగా కడగలేదని ఒకళ్ళం, చర్చి కుళాయి నీళ్ళలో దోషముందని ఒకళ్ళం తలోమాటా అన్నాం. ఈసారి నీళ్ళు ఆంటీ ఇంటి నుంచి పాలక్యానుల్లో నేనే తెచ్చాను. గిన్నెలు డోరీన్ తోమింది. బకెట్టుని చూడ్డానికి వంతులు వేసుకున్నాం. బుడబుడలు అద్భుతంగా వచ్చాయి. పీపాలోకి మార్చాం, కిటికీ కింద పెట్టాం, ఇంకో రెండు వారాలు గంటలు కొట్టుకుంటూ ఎదురుచూశాం. కుళాయి తిప్పితే మళ్ళీ సూపే. రంగు మాత్రం కొంచెం ముదిరింది.

కోతల పండగకి పది రోజులుంది. ఇంకో కిట్టు కాచడానికి టైము చాలదు. క్లిఫర్డ్ కోటు వేసుకుని మెట్లు దిగాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

విల్ఫ్రెడ్ అంకుల్ నన్ను కూడా కారులో దింపుతుండేవాడు. ఆ సాయంత్రం నేను వెనక సీట్లో కూచున్నాను. ఆంటీ ముందు సీట్లో కూచుని తలుపు వేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని, కదలకుండా ఉండిపోయింది. ఇంత బతుకూ ఆ గోపురంలో గడిపి, అది మూగబోవడం తన చేతుల మీదుగానే చూడాలి కాబోలు అంది. ఏడుపు గొంతుతో కాదు. కస్టర్డ్ మాడిందని చెప్పినట్టు చెప్పింది.

విల్ఫ్రెడ్ కారు స్టార్టు చెయ్యలేదు. "పీపా ఎక్కడ పెట్టారు?" అన్నాడు.

ఆంటీ ఉలిక్కిపడింది. ఆయనకి చెప్పలేదు మరి. "ఏ పీపా?"

"పిల్లా, ఎండాకాలమంతా నీ కోటు మాల్టు బిస్కెట్ల వాసనేస్తోంది. నాకు ఆ రుచి తెలీదు గానీ ముక్కు ఉంది. ఎక్కడ పెట్టారు?"

"తాళ్ళ గదిలో. కిటికీ కింద."

ఆయన అద్దంలోంచి గోపురం కొసకేసి చూశాడు. అక్కడ గాలి ఎటు వీస్తే అటు తిరిగే ఇనపకోడి ఉంది. "ప్రతి మంగళవారం ఇక్కడ కూచుని ఆ కోడినే చూస్తుంటాను. మీరు మొదలెట్టగానే అది తలాడిస్తుంది. క్లిఫర్డ్ గంట పడ్డప్పుడల్లా వంగి దణ్ణం పెడుతుంది. ఆ గోపురంలో నేనైతే టీ కప్పు కూడా పెట్టను."

ఆయన ఇంకో పుదీనా బిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

గోపురం ఊగుతుందని మాకు తెలియక కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎవరొచ్చినా ముందు వాళ్ళ అరచేతులు గోడకి ఆనించి, చూశావా ఎలా ఊగుతోందో, ఊగకపోతే ఎప్పుడో విరిగేది అని గొప్పలు చెప్పేది మేమే. వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ ముందు కూడా అదే గొప్ప. అలాంటి గోపురంలో కదలకుండా ఉంచాల్సిన పీపాని పెట్టాం. పాపం మడ్డి అడుగుకి చేరుకునేది. మంగళవారం మేం ఎక్కి ఊపేవాళ్ళం. మళ్ళీ చేరుకునేది. ఆదివారం ఊపేవాళ్ళం. దానికి నిద్రంటూ లేదు.

"అయితే ఆపేద్దాం," అంది ఆంటీ ఒక్కసారి నిటారుగా కూచుని. "పండగ దాకా గంటలు కొట్టొద్దు. ప్రాక్టీసు లేదు, ఆదివారం లేదు. శనివారం ఆ పెళ్ళివాళ్ళకి ఏదో ఒకటి చెప్తాను."

ఆవిడ నోట ఆ మాట విని నాకు మతిపోయింది. జ్వరమొచ్చినా మెట్లెక్కే మనిషి. "ఆంటీ," అన్నాను, "గంటలు ఆగిపోకూడదని బీరు కాచారు. ఇప్పుడు బీరు కోసం గంటలు ఆపుతానంటున్నారు."

ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. మూతి వణికింది. అయిపోయింది, ఏడుస్తుందనుకున్నాను. తీరా వచ్చింది నవ్వు, మొదలయ్యాక ఇక ఆగలేదు. సంచి కింద పడింది, కళ్ళజోడు జారింది, ఊపిరాడక అద్దం దించమని చేత్తో సైగ చేసింది. నాకూ అంటుకుంది. కారు ఊగింది. విల్ఫ్రెడ్ ఒక్కడే ముందుకి చూస్తూ కూచున్నాడు. మేం కాస్త తగ్గాక నెమ్మదిగా అన్నాడు.

"మన ఇంటి వెనక గది రాతినేల. చల్లగా ఉంటుంది. కదిలేదేం లేదు, పిల్లి తప్ప."

ఆంటీ నవ్వు ఠక్కున ఆగింది. "విల్ఫ్. నువ్వు సంతకం పెట్టావు."

"తాగనని పెట్టాను. కాపలా కాయనని పెట్టలేదు."

"చాపెల్ వాళ్ళు చూస్తే?"

"అడిగితే చెప్తాను. ఏం, బీరంటే నాకు సిగ్గా? నేను తాగను, అంతే."

ఆంటీ సంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ చెయ్యి ఆయన గేరు మార్చే చేతి మీదే ఉంది. గేరు మార్చడం కష్టమైంది, కారు రెండుసార్లు ఆగిపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాను.

మర్నాడు సాయంత్రం పీపా దించాం. తాళ్ళ గది నేలలో ఒక తలుపు ఉంటుంది, గంటలు బాగు చెయ్యాలంటే అందులోంచే దించుతారు. పీపాకి తాడు కట్టి, కప్పీ మీదుగా ఆ దారినే దించాం. బరువు ఆపడానికి క్లిఫర్డ్ తప్ప దిక్కులేదు. వదిలేసి పోదామనుకున్న గోపురంలోంచి, తిట్టిపోసిన బీరుని, తన చేతులతోనే దించాల్సి వచ్చిందని గొణుగుతూనే ఉన్నాడు. కానీ పసిబిడ్డని ఉయ్యాల్లోంచి దించినట్టు దించాడు. కింద నేను, పోస్టుమాను పట్టుకున్నాం. బుడుంగుమని ఒక్క చప్పుడు కూడా రాలేదు.

పీపాని విల్ఫ్రెడ్ కారు ముందు సీట్లో కూచోబెట్టి, మీద దుప్పటి కప్పి, బెల్టు పెట్టాం. ఆంటీకి చోటు లేదు. పక్కనే నడుస్తూ వచ్చింది. విల్ఫ్రెడ్ కారు ఎలా నడిపాడంటే, మేం నడిచేవాళ్ళమే మధ్య మధ్యలో ఆగి దాని కోసం చూశాం. గతుకు వస్తే దిగి, గతుకుని చూసి, ఎక్కి, దాని పక్కనుంచి పోనిచ్చాడు. వెనక ఒక ట్రాక్టరు చేరింది. దాని వెనక రొట్టెల వ్యాను. వాళ్ళు హారను కొట్టలేదు. ముందు అంత మెల్లగా పోతుంటే ఎవరో పోయారనుకుని టోపీలు తీసేశారు. నేను, పోస్టుమాను కారుకి చెరోపక్కా తలవంచుకుని నడిచాం. తలెత్తితే నవ్వేస్తామని.

చాపెల్ ముందుకి రాగానే ఆడవాళ్ళు కుట్టుపని ముగించుకుని బయటికి వస్తున్నారు. మా కర్మకి సరిగ్గా అప్పుడే. అందరికంటే ముందు క్రౌథర్ గారు. చాపెల్‌లో ఆవిడ మాటే మాట. గొర్రెలమంద కోసం ఆగినట్టు కారు ఆపి విల్ఫ్రెడ్ టోపీ ఎత్తాడు. ఆవిడ వంగి ముందు సీట్లోకి చూసింది. దుప్పటి కప్పుకుని, బెల్టు పెట్టుకుని, బొద్దుగా కూచున్న ఆకారం.

"ఎవరు విల్ఫ్రెడ్, చుట్టాలా?"

"కాదు క్రౌథర్ గారూ. బీరు. పీపాడు."

ఆంటీ కారు డోరు పట్టుకుంది.

క్రౌథర్ గారు ఆయన వంక చూసింది. ఆవిడ పెదవులు కదిలాయి. తరవాత గేటు పట్టుకుంది. తరవాత నవ్వాపుకోలేక రెండు చేతుల్తో గేటు పట్టుకుంది. విల్ఫ్రెడ్ సగ్డెన్ తన బతుకులో మొదటిసారి జోకు వేశాడని ఆవిడ వెనక్కి తిరిగి అందరికీ చెప్పింది. కుట్టుపని ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు. విల్ఫ్రెడ్ మొహంలో ఒక్క గీత కదల్లేదు. నిజం చెప్పేశాను కదా అన్నట్టు మళ్ళీ టోపీ ఎత్తి, గేరు వేసి, ముందుకు పోనిచ్చాడు. మలుపు తిరిగి చాపెల్ కనపడకుండా పోయాక పోస్టుమాను గోడకి చేరగిలబడి కూచుండిపోయాడు. మేం లేపాల్సొచ్చింది.

ఆ తరవాత వారం రోజులూ ఆ ఇంట్లో ఆంటీకి స్వేచ్ఛ లేదు. విల్ఫ్రెడ్ ఇంట్లో మేజోళ్ళతోనే తిరిగాడు. రేడియో గొంతు తగ్గించాడు. బొగ్గు బస్తా దించడానికి వచ్చినవాణ్ణి, వచ్చేవారం రా, ఇప్పుడు దడదడలాడించకు అని పంపేశాడు. పిల్లిని పక్కింటికి ఇచ్చాడు. ఆంటీ గిన్నెలు మోగిస్తే వంటింటి గుమ్మంలో నిలబడి ఊరికే చూసేవాడట. "నా బిడ్డలు పుట్టినప్పుడు ఇంత శ్రద్ధ లేదు ఈ మనిషికి," అని ఆంటీ నా పాలసీసాలు తీసుకుంటూ చెప్పింది. గుసగుసగా చెప్పింది. మేం ఇద్దరం గుమ్మంలో గుసగుసగానే నవ్వుకున్నాం.

ఈలోగా మేం గోపురంలో ఇష్టమొచ్చినట్టు గంటలు కొట్టాం. శనివారం పెళ్ళికి కొట్టిన కొట్టుడుకి ఇనపకోడి ఊడి పడుతుందేమో అనిపించింది. క్లిఫర్డ్ వచ్చాడు, కొట్టాడు, కోటు వేసుకుని వెళ్ళాడు. థార్ప్‌వుడ్ వాళ్ళతో మాట్లాడాడని డోరీన్ మెల్లగా చెప్పింది. పండగ మర్నాటి నుంచి రమ్మన్నారట.

కోతల పండగ ప్రార్థన ముగిసింది. చర్చి నిండా గుమ్మడికాయలు, ఉల్లిపాయ దండలు, రొట్టెలు. ఆరుగురం మోగించాం. ఆంటీ తన చివరి మోగింపేమో అన్నట్టు మోగించింది. ఆగమని కేక వెయ్యడం కూడా ఆలస్యం చేసింది. తాళ్ళు కట్టేసి అందరం నడుచుకుంటూ సగ్డెన్ ఇంటికి వెళ్ళాం. వెనకగదిలో బొగ్గు బకెట్లు బోర్లించి కూచున్నాం. చాపెల్ మనిషి ఇంట్లో ఆరుగురు చర్చి గంటలవాళ్ళం గ్లాసులు పట్టుకుని.

కుళాయి దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు విల్ఫ్రెడ్. గ్లాసు వంచి పట్టుకుని, కుళాయి వెంట్రుకవాసి తిప్పి, తనే పట్టాడు. బీరు చప్పుడు లేకుండా దిగింది. ఆయన దాన్ని చూడలేదు, వాసన చూడలేదు. తిన్నగా క్లిఫర్డ్ చేతికిచ్చాడు.

క్లిఫర్డ్ లేచి దీపం దగ్గరికి వెళ్ళాడు. గ్లాసు ఎత్తాడు. కొత్త రాగిచెంబుకి లోపల దీపం పెట్టినట్టుంది. గ్లాసు వెనక వేలు పెట్టాడు. వేలు కనపడింది. గోరు కనపడింది. గోరు కింద మాంసం కొట్టు మరక కూడా కనపడింది. అది చాలలేదు ఆయనకి. గోడ మీద చాపెల్ క్యాలెండరు ఉంటే, గ్లాసు దానికి అడ్డం పెట్టి, బీరులోంచి గట్టిగా చదివాడు. వచ్చే గురువారం ఆడవాళ్ళ టీ పార్టీ, కేకులు తెచ్చువారు ముందుగా తెలుపగలరు.

తరవాత తాగాడు. సగం దాకా దించకుండా. ఆంటీ చేతులు ఆప్రాన్ కింద ఉన్నాయి. ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయని బట్ట కదలడం బట్టి తెలుస్తోంది.

"ఫర్వాలేదు," అన్నాడు క్లిఫర్డ్.

మా ఊరివాళ్ళకి దాని పైన ఇంకో మాట లేదు. పెళ్ళికూతుర్ని చూసినా అదే అంటాం.

"ఫర్వాలేదా?" అంది ఆంటీ.

"ఫర్వాలేదన్నాను కదా." మిగతా సగం కూడా తాగి, గ్లాసు తుడుచుకుని, ఆవిడ వంక చూడకుండా చెప్పాడు. "థార్ప్‌వుడ్ వాళ్ళకి ఇంకెవర్నైనా చూసుకోమని చెప్పు డోరీన్. నాకు మంగళవారం పని ఉంది."

డోరీన్ గ్లాసులో ముక్కు పెట్టేసింది. ఆంటీ మెల్లగా లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఏమైందోనని తలుపు తీసి చూస్తే, బట్టల తాడుకి ఊతంగా పెట్టే కర్రని నడుం పట్టుకుని, రాతి పలకల మీద గుండ్రంగా వాల్ట్జ్ నాట్యం చేస్తోంది. పండగ బట్టలు, బళ్ళో వేసుకునే బూట్లు, నోట్లో ఏదో పాట. పక్కింటి కిటికీలోంచి పిల్లి చూస్తోంది. పోస్టుమాను వెళ్ళి కర్ర భుజం తట్టి, కాస్త మాకూ వదలమని వంగి దణ్ణం పెట్టాడు. తరవాత పంతులమ్మతో నేను, డోరీన్‌తో ఎవరో, ఎవరి గ్లాసు ఎవరి దగ్గరుందో తెలీదు. ఎవరో కాలితో బొగ్గు బకెట్టు తన్నారు. ఆ చప్పుడుకి ఇంట్లోంచి విల్ఫ్రెడ్ వేలెత్తి హెచ్చరించాడు.

నేను ఇంకో గ్లాసు కోసం లోపలికి వెళ్ళేసరికి క్లిఫర్డ్ అక్కడే ఉన్నాడు. రెండో గ్లాసు త్వరగా నిండట్లేదని, ఎద్దుల్ని ఎత్తే చేతుల్తో పీపా వెనక అంచు పట్టుకుని పైకి లేపబోతున్నాడు. విల్ఫ్రెడ్ తన టీ కప్పు పక్కన పెట్టి, ఆ పెద్ద మణికట్టు మీద రెండు వేళ్ళతో తట్టాడు.

"మెల్లగా క్లిఫర్డ్. అడుగున మడ్డి పడుకుంది. లేపకు."